ఇన్నోవా వెనక చక్రం స్టడ్ విరిగింది, ఇంట్లోనే మార్చుకోవచ్చా?

నల్లగొండ_ఇన్నోవా

అందరికీ నమస్కారం. మాది పాత డీజిల్ ఇన్నోవా. ఇంట్లో పెళ్ళికైనా, ఆస్పత్రికైనా, ఊరికైనా అదే బండి. పోయిన వారం హైదరాబాద్ నుంచి వస్తుంటే చౌటుప్పల్ దాటాక ఎడమవైపు వెనక టైరు పంచరైంది. హైవే పక్కన ఒక షాపులో స్టెప్నీ వేయించుకున్నాం. అతను నట్లు చేత్తో పట్టించకుండా నేరుగా ఎయిర్ గన్‌తో కొట్టేశాడు.

నిన్న ఇంటి దగ్గర స్టెప్నీ తీసి అసలు టైరు వేద్దామని నట్లు విప్పితే నాలుగు మామూలుగానే వచ్చాయి. ఐదోది సగం దాకా వచ్చి పట్టేసింది. ఇంకొంచెం బలం పెట్టగానే టప్‌మని విరిగి, స్టడ్ (నట్ ఎక్కే మర కడ్డీ) ముక్క నట్‌తో పాటే ఊడొచ్చింది. ఆ ముక్క చూస్తే మరలు ఒక పక్కకు ఒరిగి నలిగిపోయి ఉన్నాయి, మధ్యలో సన్నటి ఇనుప పొట్టు.

నా దగ్గర జాకీ, 21 సైజు వీల్ పానా, సుత్తి, ఒక సాకెట్ సెట్ ఉన్నాయి. వచ్చే వారం అమ్మను శ్రీశైలం తీసుకెళ్ళాలి. రెండు ప్రశ్నలు. నాలుగు నట్ల మీద వెళ్ళి రావచ్చా? లేకపోతే ఈ స్టడ్ ఇంట్లో నేనే మార్చుకోగలనా?

మిర్యాలగూడ_బొలెరో

మా బొలెరో వడ్ల సీజన్ మొత్తం నాలుగు నట్ల మీదే తిరిగింది తమ్ముడూ, ఏమీ కాలేదు. టెన్షన్ పడకు. మార్చాలనుకుంటే పెద్ద పనేం కాదు. ముందు నుంచి సమ్మెటతో రెండు దెబ్బలు వేస్తే పాతది వెనక్కి పడిపోతుంది. కొత్తది వెనక నుంచి పెట్టి నట్ బిగిస్తే అదే లోపలికి వచ్చి కూర్చుంటుంది.

అచ్చంపేట_టాక్సీ

అన్నా, దయచేసి అలా వెళ్ళొద్దు. నేను శ్రీశైలం రూట్‌లో బండి నడుపుతాను. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్ళాక, ముఖ్యంగా దోమలపెంట దగ్గర ఘాట్ దిగేటప్పుడు బరువంతా ఒకసారి ఈ పక్క చక్రాల మీద, ఒకసారి ఆ పక్క చక్రాల మీద పడుతుంది. ఐదుగురు మోసే బరువు నలుగురు మోయాలి. పైగా ఆ నలుగురినీ అదే గన్‌తో బిగించారు కదా, వాళ్ళు బాగున్నారని ఏం నమ్మకం? అడవిలో ఆగితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ముందు స్టడ్ సంగతి చూడండి, శ్రీశైలం తరువాత.

వర్క్‌షాప్_టీచర్

నేను పాలమూరులో పాలిటెక్నిక్ పిల్లలకు వర్క్‌షాప్ చెప్తాను. పై ఇద్దరి మాటల్లో ఎవరిది సరైనదో అర్థం కావాలంటే స్టడ్ చేసే పనేమిటో తెలియాలి.

చక్రం స్టడ్‌లకు తగిలించి వేలాడదీసినట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. నట్ బిగించినప్పుడు స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగినది మళ్ళీ దగ్గరికి రావాలని లాగుతుంది. ఆ లాగుడుతో చక్రం దాని వెనకున్న బ్రేకు డ్రమ్ మీద గట్టిగా అదుముకుంటుంది. ఆ రెండింటి మధ్య రాపిడే బండి బరువును, బ్రేకు దెబ్బను తట్టుకుంటుంది. ఇన్నోవాకు కంపెనీ చెప్పే టార్క్, అంటే నట్‌ను తిప్పే బలం, 103 న్యూటన్ మీటర్లు. 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు అంత టార్క్ ఇస్తే ఒక్కోటి సుమారు 4 టన్నుల బలంతో చక్రాన్ని అదుముతుంది. ఒకటి పోతే ఆ 4 టన్నులు పోయినట్టే. మిగతా వాటిలో ఏదైనా వదులైతే చక్రం కదలడం మొదలవుతుంది. కదిలిన ప్రతిసారీ స్టడ్ పక్కకు వంగుతుంది. అలా వంగీ వంగీ ఒక రోజు తెగుతుంది. బొలెరోకు ఏమీ కాలేదంటే మిగతా నాలుగూ సరిగ్గా ఉన్నాయన్నమాట. ఇక్కడ ఆ భరోసా లేదు.

మరలకు నూనె, గ్రీజు రాయకండి. పానా మీద పెట్టే బలంలో పదో వంతే స్టడ్‌ను లాగడానికి పనికొస్తుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. నూనె రాస్తే ఆ రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్ చాలా ఎక్కువ సాగుతుంది. మంచి స్టడ్‌లు పాడవడానికి ఇదొక పెద్ద కారణం.

పాలమూరు_మెకానిక్

టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక పని సంగతి.

ఇన్నోవా వెనకది డ్రమ్ బ్రేకు, యాక్సిల్ గట్టిది, డ్రమ్ విడిగా ఊడొస్తుంది. కాబట్టి ఓపిక ఉంటే ఇంట్లో చేయగలిగిన పనే. కానీ సుత్తి పట్టుకునే ముందు ఒక విషయం బుర్రకు ఎక్కాలి. బండిని ఆపి ఉంచేది ఏమిటి?

ఇన్నోవాలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే. గేరు ఆపేదీ వెనక చక్రాలనే. మీరు లేపేది వెనక చక్రాన్ని. ఒక వెనక చక్రం గాల్లోకి లేచాక గేర్‌లో ఉన్నా లాభం లేదు, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) వల్ల గాల్లో ఉన్నది తిరుగుతుంటే నేల మీదిది దొర్లిపోతుంది. డ్రమ్ తీయాలంటే హ్యాండ్ బ్రేకు దించాలి. స్టడ్‌ను ఖాళీ ఉన్న చోటికి తిప్పుకోవాలంటే న్యూట్రల్‌లో పెట్టాలి. అంటే పని మధ్యలో బండిని ఆపేవి ముందు టైర్లకు పెట్టిన అడ్డాలు మాత్రమే. ముందు రెండు టైర్లకూ, ముందూ వెనకా, గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. గుండ్రటి రాయి జారిపోతుంది. నేల సమంగా ఉండాలి, మట్టి నేలైతే జాకీ కింద పలక వేయండి. లేపాక యాక్సిల్ కింద జాకీ స్టాండ్ పెట్టి బరువు దాని మీదికి దించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు. తీసిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. స్టాండ్ జారినా బండి దాని మీదే ఆగుతుంది. ఇవన్నీ కుదరకపోతే ఈ పని ఇంట్లో మొదలుపెట్టనే వద్దు.

స్టడ్ కొనేటప్పుడు మీ ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ పార్ట్ తీసుకోండి. మర 12 మిల్లీమీటర్లు, 1.5 పిచ్ (మర గీతల మధ్య దూరం) ఉంటుంది. మారుతి వాటికి అదే 12 అయినా పిచ్ 1.25. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, నట్ రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. అప్పుడు దాని మీద బలం పెడితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. షాపులోనే విరిగిన ముక్కను కొత్త స్టడ్ పక్కన ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. మరలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయి సందులో వెలుతురు కనిపించకూడదు. తల కింద ఉండే గాట్ల భాగం మందం వెర్నియర్ స్కేలుతో కొలిపించండి. అది సన్నగా ఉంటే హబ్‌లో, అంటే చక్రం మధ్య స్టడ్ దిగే భాగంలో, తిరిగిపోతుంది, లావైతే హబ్‌ను చీలుస్తుంది. నట్ కూడా కొత్తదే వేయండి.

విరిగినదానికి రెండు పక్కలా ఉన్న స్టడ్‌లకు కొత్త నట్‌ను చేత్తో చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడైనా బిగిసిందంటే అక్కడ మర సాగిందని అర్థం. అదీ మార్చాల్సిందే. నన్నడిగితే, గన్‌తో అలా బిగించారు కాబట్టి ఒకేసారి మూడు కొనుక్కోండి.

మిర్యాలగూడ_బొలెరో

జాగ్రత్తలు సరే. సుత్తితో కొడితే తప్పేంటి? మా దగ్గర అందరూ అలాగే తీస్తారు.

పాలమూరు_మెకానిక్

అన్నా, అది బండిని బట్టి ఉంటుంది. ఇలా గట్టి యాక్సిల్ ఉన్నచోట చిన్న సుత్తితో తిన్నగా వేసిన దెబ్బకు వచ్చేస్తే పెద్ద నష్టం లేదు. అయినా ఆ దెబ్బ ఫ్లాంజ్ (యాక్సిల్ చివర స్టడ్‌లు దిగి ఉండే పళ్ళెం) నుంచి నేరుగా యాక్సిల్ బేరింగ్‌కే చేరుతుంది. కార్లలో ముందు చక్రాల హబ్ బేరింగ్ అయితే గోళీలు ఆనే దారి మీద గుంటలు పడతాయి. స్టడ్ వస్తుంది, వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి చక్రం నుంచి గుయ్యిమని మోత మొదలవుతుంది. బేరింగ్ ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు. వర్క్‌షాపుల్లో స్టడ్ తీయడానికి బాల్ జాయింట్ పుల్లర్ లాంటి నొక్కే టూల్ వాడతారు. పెద్ద సీ క్లాంపు (మర తిప్పి నొక్కే సీ ఆకారపు పట్టు), వెనక వైపు తల పట్టేంత సాకెట్ ఉంటే ఇంట్లో కూడా నొక్కి తీయొచ్చు. అద్దెకు దొరికితే అదే తెచ్చుకోమని చెప్తాను.

దేవరకొండ_అక్క

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది చిన్న మారుతి కారు, నాలుగు స్టడ్‌లే. వెనక చక్రానికి ఒక నట్ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, ఊడి రావట్లేదు. పంచర్ షాపు అబ్బాయి స్టడ్ కూడా దాంతోనే తిరుగుతోంది అన్నాడు. దీన్ని కూడా ఇలాగే మార్చుకోవచ్చా?

పాలమూరు_మెకానిక్

అక్కా, మీది వేరే కథ. హబ్‌లో స్టడ్ పట్టు పోయింది. మిగతా నట్లన్నీ తీసేసి, చక్రం వెనక నుంచి రాడ్‌తో బయటికి నెట్టి పట్టుకుని, నట్ చేతి పానాతో మెల్లగా తిప్పితే ఒక్కోసారి గాట్లు మళ్ళీ పట్టుకుని నట్ వచ్చేస్తుంది. రాకపోతే నట్‌నే చీల్చాలి. దానికి నట్ స్ప్లిటర్ ఉంటుంది, లేదా పక్క నుంచి డ్రిల్ వేసి ఉలితో విప్పుతారు. రిమ్ పాడవకుండా చేయడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి.

ఇంకోటి. చాలా చిన్న మారుతి కార్లలో వెనక డ్రమ్, హబ్ ఒకటే ముక్క, బేరింగ్ అందులోనే. డ్రమ్ రావాలంటే మధ్యలో అంచు నలిపి లాక్ చేసిన పెద్ద నట్ తీయాలి, తిరిగి వేసేటప్పుడు ఆ నట్ కొత్తది వేసి చెప్పిన టార్క్‌కు బిగించాలి. ఇది ఇంట్లో చేసే పని కాదు. నాలుగింటిలో ఒకటి లేకుండా కారు నడపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

దేవరకొండ_అక్క

సరే తమ్ముడూ. రేపు పిల్లల్ని బస్సులో పంపిస్తాను, కారు తీయను. చాలా థ్యాంక్స్.

నల్లగొండ_ఇన్నోవా

అందరికీ ధన్యవాదాలు. స్టడ్‌లు, నట్లు మూడేసి తెచ్చాను. జాకీ స్టాండ్, సీ క్లాంపు తెలిసిన గ్యారేజీ నుంచి తెచ్చుకున్నాను. రేపు ఉదయం ఎండ ఎక్కకముందే మొదలుపెడతాను. కానీ టార్క్ రెంచ్ దొరకలేదు. 103 న్యూటన్ మీటర్లని నాకెలా తెలుస్తుంది? పానా మీద ఎక్కి తొక్కితే చాలంటున్నారు ఇక్కడ.

వర్క్‌షాప్_టీచర్

పానా మీద ఎక్కకండి. 103 న్యూటన్ మీటర్లంటే సుమారు 10.5 కిలోగ్రామ్ మీటర్లు. పానాకు పైపు తొడిగి నట్ మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దగ్గర గుర్తు పెట్టుకుంటే, అక్కడ 21 కిలోల బలం చాలు. 70 కిలోల మనిషి అదే చోట ఎక్కి నిలబడితే 35 కిలోగ్రామ్ మీటర్లు పడుతుంది, కావలసినదానికి మూడింతలకు పైనే. ఊగితే ఇంకా ఎక్కువ. స్టడ్‌లు తెగేది ఇందుకే.

పత్తి, మిరపకాయలు తూచే కొక్కెం స్ప్రింగ్ కాటా ఎవరింట్లోనైనా ఉంటుంది. దాన్ని పైపు మీద పెట్టుకున్న గుర్తు దగ్గర తగిలించి, పైపుకు సరిగ్గా అడ్డంగా, మెల్లగా లాగండి. ముల్లు 21 దగ్గరకు వచ్చాక ఆపేయండి. టార్క్ రెంచ్‌కు పూర్తి సాటి కాదు కానీ అందాజా బిగింపు కన్నా ఎన్నో రెట్లు నయం. వీలైనంత త్వరగా టార్క్ రెంచ్ ఉన్న చోట ఒకసారి చూపించుకోండి.

నల్లగొండ_ఇన్నోవా

పని అయింది. నాలాగే చేద్దామనుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నాను.

చక్రం తీశాక హ్యాండ్ బ్రేకు దించినా డ్రమ్ కదల్లేదు, అంచు తుప్పు పట్టి ఫ్లాంజ్‌కు అతుక్కుపోయింది. డ్రమ్ ముఖం మీద రెండు చిన్న మర రంధ్రాలున్నాయి. వాటిలోకి 8 ఎంఎం బోల్ట్‌లు రెండు ఎక్కించి, దీన్ని అర చుట్టు, దాన్ని అర చుట్టు బిగించుకుంటూ పోతే డ్రమ్ దానంతటదే ముందుకొచ్చింది. ఒక్క దెబ్బ కూడా వేయలేదు. లోపల బ్రేకు దుమ్ము ఉంది. ఊదకుండా తడిబట్టతో తుడిచాను, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను.

ఫ్లాంజ్‌ను చేత్తో తిప్పుతూ చూస్తే వెనక స్టడ్ తల బయటికి రావడానికి ఒకే చోట చాలినంత సందుంది, అక్కడ ఆపుకున్నాను. సీ క్లాంపు బిగిస్తుంటే కాసేపు ఏమీ కాలేదు. తరువాత టిక్కుమని చప్పుడై, స్టడ్ ఒక నూలు వెనక్కి జరిగింది. అక్కడి నుంచి తేలికగానే వచ్చింది. దాని పక్క స్టడ్‌కు కొత్త నట్ వేసి చూస్తే సగం దగ్గర పట్టేసింది. అదీ తీసేశాను. మిగతా మూడింటికీ నట్ వేళ్ళతోనే చివరిదాకా వెళ్ళింది.

కొత్త స్టడ్‌ను వెనక నుంచి పెట్టి, గాట్లు రంధ్రంలోని పాత గీతల్లో కూర్చునేదాకా వేళ్ళతో అటూ ఇటూ తిప్పాను. ముందు వైపు మందపాటి వాషర్లు నాలుగు వేసి, వాషర్ల మధ్య మాత్రమే కొంచెం గ్రీజు రాసి, పాత నట్‌ను తిరగేసి చదును వైపు వాషర్‌కు ఆనేలా పెట్టి చేతి పానాతో లాగాను. తల లోపలికి వస్తున్నంతసేపూ బరువు ఒకేలా ఉంది, తరువాత ఒక్కసారి గట్టిపడింది. వెనక వేలు పెట్టి చూస్తే తల ఫ్లాంజ్‌కు పూర్తిగా ఆనుకుంది. ముందు నుంచి స్కేలు ఆనించి చూస్తే అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. లాగడానికి వాడిన పాత నట్ పారేశాను.

డ్రమ్ ముఖం, రిమ్ వెనక భాగం వైర్ బ్రష్‌తో తుప్పు రాలగొట్టి చక్రం వేశాను. ఐదు నట్లూ వేళ్ళతోనే పట్టించి, ఒకటి వదిలి ఒకటి చొప్పున కొద్దికొద్దిగా బిగించి, టైరు నేలకు ఆనాక మా చిన్నాన్న గారి స్ప్రింగ్ కాటాతో 21 దాకా లాగాను.

పాలమూరు_మెకానిక్

చాలా బాగా చేశారు అన్నా. డ్రమ్ తీసినప్పుడు లోపల నూనె తడి ఏమైనా కనిపించిందా? ఈ యాక్సిల్‌కు సీల్ పోతే గేర్ ఆయిల్ బ్రేకు షూల మీదికి వస్తుంది, బ్రేకు పట్టు పోతుంది. డ్రమ్ తీసిన ప్రతిసారీ అది చూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్ళీ టార్క్‌కు చూడండి. కొత్త స్టడ్ తల, తుప్పు తీసిన రిమ్ రెండూ ఇంకొంచెం కూర్చుంటాయి కాబట్టి మొదటి బిగింపు కాస్త వదులవుతుంది. ఇది వదిలేయొద్దు.

నల్లగొండ_ఇన్నోవా

లోపలంతా పొడిగానే ఉంది. ఇవాళ మిర్యాలగూడ వెళ్ళి వచ్చి, గ్యారేజీలో టార్క్ రెంచ్‌తో చూపించాను. కొత్త రెండూ రవ్వంత తిరిగాయి, మిగతావి కదల్లేదు. ఆదివారం శ్రీశైలం బయలుదేరుతున్నాం.

అచ్చంపేట_టాక్సీ

సంతోషం అన్నా. ఇకపై ఎక్కడ పంచర్ వేయించినా ఒకటే మాట అడగండి, నట్లు ముందు చేత్తో పట్టించమని. నేను దగ్గర నిలబడి చూస్తాను. విసుక్కున్నా పర్వాలేదు, చేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు ఒకసారి నట్ల మీద చెయ్యి వేసి చూసుకోండి. రాత్రి పూట అడవిలోకి బండ్లు వదలరు, పగలే దాటేలా బయలుదేరండి.

మిర్యాలగూడ_బొలెరో

ఈ కాటా ఉపాయం మా మిల్లులో కూడా చేసి చూస్తాను టీచర్ గారూ. మా డ్రైవర్లందరూ పానా మీద ఎక్కేవాళ్ళే. బొలెరో ఐదో స్టడ్‌కు కూడా రేపే మనిషిని పిలుస్తున్నా.

కోదాడ_పోలో

మాది ఫోక్స్‌వ్యాగన్ పోలో. దీనికి అసలు స్టడ్‌లే కనిపించవు, నట్ బదులు బోల్ట్ ఊడొస్తుంది. మర పోతే ఏం చేయాలి?

పాలమూరు_మెకానిక్

పోలో, స్కోడా బండ్లకు మర హబ్ లోపల ఉంటుంది. బోల్ట్ మర పోతే బోల్ట్ మారిస్తే సరి. హబ్‌లో మర పోతే హబ్ మార్చడమే, లేదా మంచి లేత్ షాపులో ఇన్సర్ట్ వేయించాలి. అందుకే వాటికి చేత్తో పట్టించడం ఇంకా ముఖ్యం.

గద్వాల_పాతజీపు

చివరగా నాదొక సందేహం. మా నాన్నగారి పాత జీపు బయటికి తీశాం. కుడివైపు నట్లు వచ్చేశాయి, ఎడమవైపు ఎంత లాగినా కదలట్లేదు. పైపు తొడిగి లాగమంటారా?

వర్క్‌షాప్_టీచర్

ఆగండి, పైపు వేయకండి. ముందు స్టడ్‌ల కొసలు వైర్ బ్రష్‌తో తుడిచి చూడండి. పాత జీపుల్లో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉండేది. కొస మీద ఎల్ అక్షరం కొట్టి ఉంటే మీరు ఇంతసేపూ బిగిస్తున్నారన్నమాట. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడతాయి. తుప్పు పట్టి ఉంటే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి, నట్లు ఊడాక ఆ నూనె మరల నుంచి పూర్తిగా తుడిచేయండి. ఇప్పటికే బాగా లాగారు కాబట్టి ఆ స్టడ్‌లన్నీ చూసుకోవాలి. మార్చాల్సి వస్తే ఎడమ మర స్టడ్, ఎడమ మర నట్ అని అడిగి తీసుకోండి.